నొప్పి పోయింది సరే, కాలు బాగైందా?

మీ తరగతిలో ఆటలాడేవాళ్ళను నిలబెట్టి అడిగి చూడండి: "మీలో ఎవరికైనా ఎప్పుడైనా కాలు బెణికిందా?" అని. చేతులెత్తేవాళ్ళు చాలామందే ఉంటారు. ఎత్తిన చేతులు దించకముందే రెండో ప్రశ్న వేయండి: "అదే కాలు మళ్ళీ బెణికిందా?" కొన్ని చేతులు దిగుతాయి గాని, మీరనుకున్నన్ని దిగవు. మూడో ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు చెప్పవలసినవాళ్ళు ఆటస్థలంలో దొరకరు. బెణికిన కాలితో వేగలేక ఆటే మానేసినవాళ్ళు వాళ్ళు.

మొదటిసారి బెణకడం ప్రమాదం. కబడ్డీలో అవతలివాడి పాదం మీద మన పాదం పడుతుంది. ఖోఖోలో గబుక్కున మలుపు తిరుగుతుంటే గులకరాయి తగులుతుంది. వాలీబాల్‌లో ఎగిరి కిందికి దిగేటప్పుడు పాదం పక్కకు ఒరుగుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఆటలో ఇవి పూర్తిగా తప్పవు. కాని అదే కాలు రెండోసారీ మూడోసారీ బెణకడం ఉత్త దురదృష్టం కాదు. చాలాసార్లు అది మొదటి బెణుకును సగంలో వదిలేసినందువల్ల వచ్చే ఫలితం. నొప్పి తగ్గగానే కాలు బాగైపోయిందనుకోవడం మన ఇళ్ళలోనూ బడుల్లోనూ పాతుకుపోయిన అలవాటు. ఈ అలవాటు మారాలని నా వాదన. దానికి డబ్బు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. కొన్ని వారాలపాటు రోజుకో పావుగంట, కాస్త ఓపిక కావాలి. ఈ ఓపిక మాత్రం అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు, ఒప్పుకుంటాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పిక్క కిందికి దిగి పాదంతో కలిసే చోట లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి గుండ్రని బొడిపెలు తగులుతాయి. వేలితో తడిమి చూడండి. బయటి బొడిపె లోపలిదానికన్నా కాస్త కిందికి దిగి ఉంటుంది. ఈ రెంటి మధ్య, పట్టకారులో ఇరికించినట్టు, పాదపు ఎముక ఒకటి కూర్చుని ఉంటుంది. ఇదే చీలమండ కీలు. కీలు దగ్గర ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి నారపట్టీలను లిగమెంట్లు అంటారు. లోపలివైపు పట్టీ వెడల్పుగా, విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. బయటివైపు మూడు వేరు వేరు పట్టీలున్నాయి. అవి అంత బలమైనవి కావు. పైగా బయటి బొడిపె కిందికి దిగి ఉండడంతో పాదం బయటికి ఒరగకుండా అది అడ్డు పడుతుంది. అందుకనే పాదం ఎక్కువగా లోపలికే మడతపడుతుంది, బయటి పట్టీలే దెబ్బతింటాయి. ఆ మూడింటిలో ముందువైపు ఉన్నది అందరికన్నా ముందు సాగుతుంది, దెబ్బ గట్టిదైతే తెగుతుంది.

మన పెద్దవాళ్ళు దీన్ని "నరం తప్పింది" అంటారు. నరం ఎక్కడికీ తప్పిపోలేదు. చిట్లింది నారపట్టీ, దానితోపాటు సన్నని రక్తనాళాలు. ఆ రక్తమూ, గాయం చుట్టూ చేరే నీరూ కలిసి వాపు వస్తుంది. "తప్పిన నరాన్ని" సరిచేస్తామని పాదం పట్టుకుని గుంజేవాళ్ళూ, వేడి నూనెతో గట్టిగా రుద్దేవాళ్ళూ మీకు తెలిసే ఉంటారు. అమ్మమ్మ ప్రేమగానే రుద్దుతుంది. కాని మొదటి రెండు మూడు రోజులు చిట్లిన రక్తనాళాల మీద వేడీ రుద్దుడూ పడితే లోపల రక్తం ఇంకా కారుతుంది. "ఇప్పుడు కాదు అమ్మమ్మా, వాపు తగ్గనీ" అని మెల్లగా చెప్పండి.

గాయం మానే తీరు చాలా ఆసక్తికరమైనది. మొదటి కొద్ది రోజులు శరీరం పాడైన కణాల చెత్తను ఊడ్చే పనిలో ఉంటుంది. వాపూ, ఎర్రదనమూ, వేడీ ఈ ఊడ్పుకు గుర్తులే. తర్వాత కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు కొత్తగా అల్లుకోవడం మొదలవుతుంది. ఇక్కడే కిటుకంతా ఉన్నది. ఆ పోగులు మొదట ఒక క్రమం లేకుండా, కళ్ళంలో పడేసిన వరిగడ్డిలా అడ్డదిడ్డంగా పడతాయి. అదే గడ్డిని ఒక వైపుకు సర్ది పేనితే ఎద్దును కట్టేసే తాడవుతుంది. శరీరంలో ఈ సర్దే పని ఎవరు చేస్తారు? లాగుడే చేస్తుంది. కీలును తగుమాత్రంగా కదిలిస్తూ, కొద్దికొద్దిగా బరువు మోపుతూ ఉంటే పోగులు ఆ లాగుడు దిశలోనే వరసగా అమరుతాయి. అసలు కదిలించకపోతే గడ్డి గడ్డిగానే ఉండిపోతుంది.

ఈ పేనుడు నెలల తరబడి సాగుతుంది. గట్టి బెణుకైతే ఏడాది దాకా కూడా పట్టవచ్చు. నొప్పి మాత్రం అంతకాలం ఉండదు. మామూలు బెణుకులో రెండు మూడు వారాలకే మాయమవుతుంది. అంటే ఏమిటన్నమాట? "ఇక బాగైంది" అని నొప్పి సెలవు పుచ్చుకునేనాటికి తాడు ఇంకా సగం కూడా పేనడం కాలేదు. మనం సరిగ్గా ఆ రోజునే టీములో పేరు రాయించుకుంటాం!

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. దాన్ని తెలుసుకోవడానికి మీరే ఒక ప్రయోగం చేయండి. చెప్పులు విప్పి, గోడ పక్కన నిలబడండి. పడిపోబోతే గోడ పట్టుకోవచ్చు. ఒక కాలు ఎత్తి, ఒంటికాలి మీద ముప్ఫై సెకన్లు నిలవండి. సులువే. ఇప్పుడు కళ్ళు మూసుకుని నిలవండి. అయిదో సెకనుకో పదో సెకనుకో ఒళ్ళు ఊగడం మొదలవుతుంది. ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి మీ చీలమండ వైపు చూడమనండి. చర్మం కింద స్నాయువులు వీణ తీగల్లా అటూ ఇటూ బిగుస్తూ సడలుతూ ఉండడం కనిపిస్తుంది. ఎప్పుడైనా బెణికిన కాలు ఉంటే, రెండో కాలితో పోల్చి చూసుకోండి. తేడా ఉందంటే ఈ వ్యాసం మీకోసమే రాసినట్టు.

కళ్ళు మూసుకున్నా మీరు వెంటనే పడిపోకుండా నిలబెట్టినదేమిటి? చెవిలో ఉన్న తుల్యతా యంత్రం ఒకటి. రెండోది కీళ్ళలోనూ, కండరాల్లోనూ, లిగమెంట్లలోనూ ఉన్న నాడీ కొసలు. "పాదం ఇప్పుడు ఇంత ఒరిగింది, ఇంత వేగంతో ఒరుగుతోంది" అని అవి క్షణక్షణం వెన్నుపాముకూ మెదడుకూ కబురు పంపుతుంటాయి. ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1906లో ఈ ఎరుకకు ప్రోప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. మనం "స్థితి జ్ఞానం" అనుకుందాం. చీకట్లో ముద్ద సరిగ్గా నోటికే చేరడం కూడా ఈ జ్ఞానం చలవే. షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ బహుమానం వచ్చింది.

లిగమెంటు చిట్లితే తాడు ఒక్కటే తెగదు, దానిలోని టెలిఫోను తీగ కూడా తెగుతుందని మొదట గట్టిగా చెప్పింది ఎం.ఎ.ఆర్. ఫ్రీమన్ అనే ఇంగ్లండు ఎముకల డాక్టరు, తన సహచరులతో కలిసి. అది 1965లో. కాలు బెణికినవాళ్ళలో కొందరు, కీలు పైకి బాగానే కనిపిస్తున్నా, "పాదం నిలవడం లేదు, జారిపోతున్నది" అనేవాళ్ళు. ఫ్రీమన్ వాళ్ళను ఒంటికాలి మీద నిలవమన్నాడు. దెబ్బ తగిలిన కాలి మీద సరిగా నిలవలేకపోయారు. అప్పుడాయన ఊగే పలక మీద నిలబెట్టి తుల్యత అభ్యాసం చేయించాడు. అలా అభ్యాసం చేసినవాళ్ళలో ఈ బాధ బాగా తగ్గింది. తెగిన నాడీ కొసలే కాదు, ఆ కాలిని మెదడు నడిపించే తీరు కూడా బెణుకు తర్వాత మారుతుందని ఆ పైన జరిగిన పరిశోధనలు చూపించాయి. కారణం ఏదైనా, మందు ఒక్కటే: అభ్యాసం.

"అప్పుడెప్పుడో ఇంగ్లండులో జరిగింది, మనకేం లాభం?" అంటారేమో. ఇంకో సంగతి వినండి. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు తమ ఫలితాలు ప్రకటించారు. కాలు బెణికిన 522 మంది ఆటగాళ్ళను రెండు జట్లు చేశారు. రెండు జట్లవాళ్ళూ మామూలుగా చేయించుకునే వైద్యం ఏదో చేయించుకున్నారు. ఒక జట్టుకు మాత్రం అదనంగా ఎనిమిది వారాల తుల్యత వ్యాయామాలు ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంటకు మించకుండా, ఇంట్లోనే, పక్కన ఎవరూ లేకుండా చేసుకోవాలి. ఏడాదిపాటు గమనించారు. వ్యాయామం లేని జట్టులో నూటికి 33 మందికి మళ్ళీ బెణికింది. వ్యాయామం చేసిన జట్టులో నూటికి 22 మందికి. సున్నా కాలేదు చూడండి! ఎవరైనా "ఇది చేస్తే మళ్ళీ జన్మలో బెణకదు" అంటే నమ్మకండి. కాని మూడింట ఒక వంతు బెణుకులు కేవలం ఇంట్లో ఒంటికాలి మీద నిలబడడం వంటి పనులతో తప్పిపోయాయంటే అది చిన్న విషయమా? మా ఊళ్ళో ఫిజియోథెరపిస్టు లేడు, పట్నం పోవాలి అనేవాళ్ళకు కూడా ఇదే నా జవాబు.

ఇక "కదలకుండా పడుకో" అనే సలహా సంగతి. కదలకపోవడం ఖర్చులేని వైద్యం అనుకుంటాం గాని, దానికి శరీరం చెల్లించే వెల చాలా ఎక్కువ. 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఇరవై ఏళ్ళ యువకులు అయిదుగురు, ఏ జబ్బూ లేనివాళ్ళు, పరిశోధన కోసం మూడు వారాలు మంచం దిగకుండా పడుకున్నారు. ఆ మూడు వారాల్లో, గట్టిగా శ్రమించేటప్పుడు ఆక్సిజన్ వాడుకోగల శక్తి వాళ్ళలో నాలుగోవంతుకు పైగా తగ్గిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే అయిదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు వాళ్ళ శక్తిని తగ్గించిన దానికన్నా ఆ మూడు వారాల పడక ఎక్కువ తగ్గించిందని తేలింది!

దెబ్బ తగిలితే మంచు పెట్టాలని మీరు విని ఉంటారు. విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ఈ నాలుగింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి 1978లో గేబ్ మర్కిన్ అనే అమెరికన్ డాక్టరు "రైస్" అని పేరు పెట్టాడు. పేరు నోటికి తేలిక కాబట్టి ప్రపంచమంతా పాకింది. అదే డాక్టరు 2014లో, మంచూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తానే రాశాడు. తన పేరు మోసిన మాటను తానే దిద్దుకున్న ఆయనంటే నాకు గౌరవం. మంచు నొప్పిని తగ్గిస్తుంది. కావలిస్తే బట్టలో చుట్టి పది నిమిషాలు పెట్టుకోండి, నేరుగా చర్మం మీద వద్దు. అది గాయాన్ని త్వరగా మాన్పుతుందనడానికి మాత్రం బలమైన ఆధారం లేదు. ఇప్పటి వైద్యులు చెప్పే పద్ధతి స్థూలంగా ఇది: మొదటి రెండు మూడు రోజులు కాలిని కాపాడుకో, కట్టు కట్టు, ఎత్తులో పెట్టు. ఆ తర్వాత మెల్లగా పనిలో పెట్టు.

కట్టు అంటే మన ప్రాంతంలో పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఎముక విరిగితే కదలకుండా కట్టి ఉంచాలన్న జ్ఞానం మనవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్నది. విరిగిన ఎముకకు అది అవసరమే. అది ఆకుపసరు కట్టయినా, ఆస్పత్రి పిండికట్టయినా, విప్పిన రోజున పని సగమే అయినట్టు. బిగుసుకున్న కీలును వంచడం, చిక్కిపోయిన కండరాన్ని పెంచడం, మరిచిపోయిన తుల్యతను నేర్పడం — ఈ మిగతా సగాన్నే ఫిజియోథెరపీ అంటారు. మన దేశంలో కట్టు కట్టించుకోవడానికి ఎంత దూరమైనా పోతారు, విప్పిన తర్వాత చేయవలసిన దానికోసం పక్క వీధికి కూడా పోరు. నాకిది ఎప్పటికీ అర్థం కాని విషయం.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి తప్పనిసరిగా పోవాలి? కెనడాలోని ఆటవాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరూ ఆయన సహచరులూ 1992లో ప్రకటించిన నియమాలు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. దెబ్బ తగిలిన కాలి మీద బరువు మోపి నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ బొడిపెల వెనక అంచున గాని కొసన గాని ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, పాదం మధ్యలో లోపలి అంచున గాని, బయటి అంచున మధ్యలో తగిలే ఎముక బొడిపె మీద గాని నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. కీలు వంకర తిరిగినా, పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా క్షణం ఆలస్యం చేయకూడదు.

మీ వయసువాళ్ళకు ఇంకొక జాగ్రత్త కూడా కావాలి. పొడుగు ఎముకల కొసల దగ్గర ఎముక ఎదగడానికి మెత్తని మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యాక అది గట్టి ఎముకగా మారిపోతుంది. మారేదాకా అది చుట్టూ ఉన్న లిగమెంట్లకన్నా బలహీనమైనది. పెద్దవాళ్ళలో లిగమెంటు తెగే దెబ్బకు పిల్లల్లో ఆ పలక దెబ్బతినవచ్చు. అందుకే పిల్లల కాలు పట్టుకుని ఎవరైనా "ఒక్క గుంజు గుంజితే సరి" అంటే ఒప్పుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. అది మన బాగు కోరే బంధువైనా సరే.

ఎముకకు ఏమీ కాలేదని తేలిందనుకోండి. అప్పుడు పని మొదలు. రెండు మూడు రోజులు పోయాక కుర్చీలో కూర్చుని, కాలు చాపి, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఏ, బి, సి, డి రాయమంటారు. మన అఆలు అంతకన్నా మేలని నా నమ్మకం. వాటిలో గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. "ఱ", "ఋ", "ఖ" రాసేటప్పటికి కీలు నాలుగు వైపులా తిరిగి తీరుతుంది. కుంటకుండా ఎంత దూరం నడవగలిగితే అంత దూరం నడవండి. తర్వాత పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి తీసుకుని, మంచం కోడుకు కట్టి, పాదాన్ని దానికి ఎదురుగా బయటికి లాగండి. పిక్క బయటివైపున్న కండరాలు పాదం లోపలికి మడతపడకుండా కాపలా కాస్తుంటాయి. ఈ ట్యూబు వాటికోసం. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో.

తుల్యత అభ్యాసానికి ప్రత్యేకంగా సమయం కూడా అక్కర్లేదు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలవండి. అది సులువైతే కళ్ళు మూసుకోండి. అదీ సులువైతే మడతపెట్టిన బొంత మీద నిలవండి. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి బంతిని గోడకు కొట్టి పట్టుకోండి. నాలుగైదు వారాలకు గెంతుడు మొదలుపెట్టవచ్చు. దానికి మన దగ్గర చక్కని వ్యాయామం ఒకటి సిద్ధంగా ఉంది: తొక్కుడు బిళ్ళ! ఒంటికాలితో గెంతడం, కచ్చితమైన చోట దిగడం, గీత తొక్కకుండా ఆపుకోవడం, గెంతుతూ వెనక్కు తిరగడం, వంగి బిళ్ళ అందుకోవడం. చీలమండకు ఆఖరి దశలో ఏం చేయించాలని ఏ ఫిజియోథెరపిస్టును అడిగినా ఇంచుమించు ఇవే చెబుతాడు. మగపిల్లలు దీన్ని ఆడపిల్లల ఆట అని ఎగతాళి చేస్తారు. బెణికిన కాలితో ఒక ఆట పూర్తిగా ఆడి చూసి అప్పుడు ఎగతాళి చేయమనండి.

వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి ఉంటే భయపడనక్కర్లేదు. మర్నాడు పొద్దున లేచేసరికి వాపు పెరిగి ఉంటే నిన్న ఎక్కువ చేశారన్నమాట. ఆ రోజు తగ్గించండి, మానకండి. మళ్ళీ ఆటలోకి ఎప్పుడు పోవాలన్నది తేదీ చూసి నిర్ణయించేది కాదు. బాగున్న కాలితో పోల్చి చూసి నిర్ణయించేది. దెబ్బ తగిలిన కాలు రెండో కాలితో సమానంగా ఒంటిగా నిలవాలి, సమానంగా మడమ ఎత్తాలి, సమానంగా గెంతాలి. నేల మీద పెద్ద ఎనిమిది అంకె గీసి దాని మీద పరుగెత్తితే తడబడకూడదు. ఇవి చేయగలిగితే వెళ్ళండి. చేయలేకపోతే, ఎంత పెద్ద పందెమైనా సరే, గీత బయటే కూర్చోండి.

ఇక్కడే నాకూ చాలామందికీ పేచీ. దెబ్బతిన్న కాలితో ఆడి గెలిపించినవాణ్ణి మనం భుజాలమీద ఊరేగిస్తాం. స్ప్రే కొట్టి మళ్ళీ కోర్టులోకి దింపుతాం. ఆ స్ప్రే చేసేదల్లా చర్మాన్ని కాసేపు చల్లబరచి నొప్పిని దాచడమే. కావలివాడి నోరు నొక్కితే దొంగ పోతాడా? "సింధు దెబ్బతోనే ఆడి బంగారం తెచ్చింది కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు ఎడమ కాలి ఎముకలో సన్నని బీటతోనే ఆడి స్వర్ణపతకం గెలిచింది. పత్రికలన్నీ రాశాయి. ఆ దెబ్బవల్ల అదే నెలలో జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె వెళ్ళలేకపోయిందనీ, మళ్ళీ పోటీలో ఆడింది 2023 జనవరిలోననీ అంత పెద్ద అక్షరాల్లో ఎవరూ రాయలేదు. ఆమె పెద్దది, చుట్టూ వైద్యులున్నారు, ఎదుట జీవితంలో అరుదుగా దొరికే పతకం ఉంది. ఆ నిర్ణయం ఆమెది. పక్క ఊరి బడితో జరిగే పందెం కోసం ఎనిమిదో తరగతి పిల్లవాడి చేత అదే నిర్ణయం చేయించడం ఏం న్యాయం?

నేనైతే పుల్లెల గోపీచంద్ కథను ఎక్కువగా చెప్పుకోవాలంటాను. 1994లో ఆయన మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు అయ్యాయి. 2001లో ఆయన చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీ గెలిచాడు. ఈ రెండు తేదీల మధ్య ఏడేళ్ళున్నాయి. మనకు గుర్తుండేది ఆఖరి రోజు చప్పట్లు. ఆ ఏడేళ్ళలో తెల్లవారుజామున ఒంటరిగా కాలు పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి చేసిన వ్యాయామాలకు ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. అబ్బాయికి కాలు బెణికితే "ఎప్పుడు ఆడతావురా?" అంటారు. అమ్మాయికి బెణికితే "ఇక చాల్లే ఆటలు, రేపు కుంటుతూ తిరిగితే ఎలా?" అంటారు. ఒక్క బెణుకుతో ఆట అయిపోతుంది. ఆలోచిస్తే ఆ భయానికి మందు ఆట మాన్పించడం కాదు. బలహీనమైన చీలమండ వంటింట్లో నీళ్ళ బిందె ఎత్తేటప్పుడు కూడా మడతపడుతుంది, బస్సు దిగేటప్పుడు కూడా మడతపడుతుంది. కాలిని బలపరచమని చెప్పే అమ్మే ఆ పిల్ల కుంటకుండా చూసే అమ్మ.

బడుల వంతు కూడా ఉంది. 2007లో నార్వేలో 125 ఫుట్‌బాల్ క్లబ్బులకు చెందిన పదమూడు నుంచి పదిహేడేళ్ళ అమ్మాయిల మీద ఒక పరిశోధన జరిగింది. సుమారు సగం క్లబ్బులవాళ్ళు ఆటకు ముందు ఇరవై నిమిషాలు ప్రత్యేకమైన సన్నాహం చేశారు. అందులో పరుగు, కాళ్ళకు బలమిచ్చే వ్యాయామాలు, ఒంటికాలి తుల్యత, గెంతి సరిగా దిగడం ఉన్నాయి. ఆ పిల్లల్లో మొత్తం దెబ్బలు మూడింట ఒక వంతు తగ్గాయి, పెద్ద దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయి. వాళ్ళూ మీ వయసువాళ్ళే. మన బడుల్లో సన్నాహమంటే మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తి, చేతులు నాలుగుసార్లు ఊపడం. చాలా బడుల్లో అదీ లేదు. పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడు లెక్కలకో ఇంగ్లీషుకో పోతుంది. తర్వాత ఒక్కసారిగా జోనల్ పోటీల ముందు వారం రోజులు పొద్దున్నా సాయంత్రమూ ఆడిస్తారు. నెలల తరబడి వాడని కీలు మీద ఒక్కసారి అంత భారం పెడితే బెణక్క ఏమవుతుంది?

గేమ్స్ పీరియడు మీ చేతుల్లో లేదు, నిజమే. దానిలో మొదటి పది నిమిషాలు మీరు అడిగి తీసుకోగలరు. తరగతి పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, దాని మీద టీమువాళ్ళ పేర్లు రాయండి. ఎవరికి ఏ కాలు ఎప్పుడు బెణికిందో పక్కన రాయండి. ప్రతి సోమవారం గోడ పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, కుడికాలి మీద ఎన్ని సెకన్లు, ఎడమకాలి మీద ఎన్ని సెకన్లు నిలిచారో ఒకరు లెక్కపెడితే ఒకరు రాయండి. రెండు నెలల్లో ఆ అంకెలు ఎలా మారాయో మీకే తెలుస్తుంది. టీము ఎంపిక చేసే రోజున ఆ కాగితం పి.ఇ.టి. మాస్టారి చేతిలో పెట్టండి.